నోరు తెరిచే పిల్ల

శనివారం పదకొండు గంటలకి ఆ పిల్లల పళ్ళ ఆసుపత్రిలో ఒక తతంగం నడుస్తుంది. వారమంతా ఏడ్చి గోలచేసి, డాక్టరమ్మ వేలు కొరికి, తల్లి చంక దిగకుండానే ఇంటికి వెళ్ళిపోయిన పిల్లల్ని ఆ పూట మళ్ళీ రమ్మంటారు. వాళ్ళని కుర్చీ చుట్టూ నిలబెట్టి, ఇప్పుడు చూడండి అంటారు. అప్పుడు పిచిక వస్తుంది.

పిచికకి ఐదున్నరేళ్ళు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. ఆసుపత్రిలో దాంతో ఎవరికీ పని పడలేదు. ఎవరూ ఎత్తి కూర్చోబెట్టక్కర్లేదు, తనే కాలిపీట మీద మోకాలు ఆనించి కుర్చీ ఎక్కుతుంది. గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంటుంది. తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, నోరు తెరుస్తుంది. అలా తెరవడం పెద్దవాళ్ళకే చేతకాదు. సగం తెరిచి నాలుక అడ్డం పెడతారు. పిచిక నాలుక ఉండాల్సిన చోట బుద్ధిగా పడుంటుంది. డాక్టరమ్మ ఒక చేత్తో చిన్న అద్దం లోపల పెట్టి, ఇంకో చేత్తో సన్నటి కడ్డీ పట్టుకుని పళ్ళని ఒక్కొక్కటే తాకుతూ రాగం తీస్తూ లెక్కపెడుతుంది. ఒకటీ, రెండూ, మూడూ... ఇరవై దాకా.

"నొప్పుందా పిచికా?"

"లేదు."

"భయమేసిందా?"

"లేదు."

"మరి వీళ్ళంతా ఎందుకేడుస్తున్నారు?"

"ఏమో."

ఆ 'ఏమో' దగ్గర తల్లులంతా నవ్వుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. పిచిక దిగిపోతుంది, ఆ వేడి మీదే ఇంకో పిల్ల కుర్చీ ఎక్కుతుంది. ఏడాదిగా ఇదే వరస. పిచిక మొదలుపెట్టాక ఏడుపులు సగానికి సగం తగ్గాయని డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. ఆ మాట నిజమే.

పిచిక తల్లి ఆ తతంగమంతా కుర్చీకి ఎడమ పక్క నిలబడి చూస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె చోటు అదే. నోట్లో ఊరే నీళ్ళు లాగే గొట్టం ఎడమ చేత్తో పట్టుకుంటుంది, కుడి చేత్తో పనిముట్లు అందిస్తుంది, అవసరమైతే పిల్లవాడి తలని మోచేతి వంపులో ఇరికించుకుంటుంది. పిల్లలు ఆమెని పళ్ళక్క అంటారు. విని విని వాళ్ళ తల్లులూ అదే అంటారు. ఆమె నోట సూది అనే మాట రాదు. మొద్దుమందు చుక్క అంటుంది. పన్ను తొలిచే మరని మర అనదు, తుమ్మెద అంటుంది. చీమ కుట్టినట్టు కూడా ఉండదు నాన్నా అని రోజుకి ముప్పైసార్లు అంటుంది. అబద్ధాలాడి బతికే వృత్తులు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో ఇది కాస్త మంచిదని ఆమె నమ్మకం.

ఆ శనివారం ఒక కళ్ళజోడు తల్లి ఆమెని పక్కకి పిలిచింది. "ఏమనుకోకండి పళ్ళక్కా. ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా. వీటికి ఇన్ని తిప్పలు పడాలా?"

ఈ ప్రశ్నకి జవాబు పళ్ళక్క నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "ఊడే పన్నైనా దాని వేళకే ఊడాలమ్మా. దవడ పళ్ళ కింద పెద్దవి పదేళ్ళకో పదకొండేళ్ళకో గానీ రావు. అప్పటిదాకా వాటి చోటు కాపలా కాసేవి ఇవే. ఇది ముందే పోయిందనుకోండి, పక్కవి జరిగొచ్చి ఆ చోటు లాగేసుకుంటాయి. రేపు వచ్చేది ఎక్కడ కూర్చోవాలి చెప్పండి? వంకరగానో, గొంతు వైపుకో వస్తుంది. వాడు జీవితాంతం మిమ్మల్ని తిట్టుకుంటాడు."

కళ్ళజోడు తల్లి తలూపింది. పళ్ళక్క మాట్లాడుతూనే ఆవిడ కొడుకు మొహం కనిపెడుతోంది, బెదురు తగ్గిందా లేదా అని. డాక్టరమ్మ చూపూ అటే ఉంది. అద్దం పిచిక నోట్లో ఉంది, చూపులన్నీ పక్క పిల్లాడి మీద ఉన్నాయి. ఏడాది పొడుగునా ప్రతి శనివారం ఆ చిన్న నోరు అందరి ముందూ అలా తెరుచుకుంటూనే ఉంది.

*

ఆదివారం సెలవు. పొద్దున తొమ్మిది దాటాక పళ్ళక్క వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తుడుస్తోంది. బయట గట్టు మీద పిచిక, పక్కన నాయనమ్మ. పిచిక రొట్టెముక్క తింటోంది. తల కుడి వైపుకి కొంచెం వంచి తింటోంది. ముక్క ఎడమ వైపుకి జారినప్పుడల్లా నమలడం ఆపి, నాలుకతో ఇటు తోసుకుని మళ్ళీ నములుతోంది.

ఆసుపత్రి వరండాలో పదిమంది పిల్లలు బిస్కెట్లు తింటూ కూర్చుంటే ఎవరికి ఏ వైపు పన్ను పుచ్చిందో పళ్ళక్క దూరంనుంచే చెప్పేస్తుంది. అలాంటి మనిషి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"పిచికా, ఇటు రా తల్లీ. నోరు తెరువు."

పిచిక వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, చక్కగా తెరిచింది. పళ్ళక్క పిల్లని కిటికీ వెలుతురులోకి తిప్పి, చూపుడువేలితో ఎడమ బుగ్గ పక్కకి లాగింది. కింది వరసలో చివరి దవడ పన్ను, దాని ముందుది, ఆ రెంటి మధ్యా నల్లటి గీత. గీత కాదు, లోపలికి తొలుచుకుపోయిన గుంట; పైన పెంకు మాత్రం మిగిలి తెల్లగా నవ్వుతోంది. దాని కింద చిగురు మీద బియ్యపుగింజంత పొక్కు.

ఆ పొక్కంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పుచ్చు నరం దాకా పోయింది, నరం చచ్చింది, చీము దారి వెతుక్కుంటూ బయటికొచ్చింది. ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు.

"నొప్పుందా?"

"లేదు."

పళ్ళక్క వేలితో పొక్కు పక్కన మెల్లిగా నొక్కింది. పిచిక భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదు" అంది మళ్ళీ.

"అమ్మ దగ్గర అబద్ధం చెప్పకూడదు."

"నువ్వే అలా చెప్పమన్నావుగా."

పళ్ళక్క వేలు బయటికి తీసింది. "ఎప్పట్నుంచి?" అంది.

పిచిక ఆలోచించింది. "నా ఎర్రచెప్పు తెగిపోయిందే, దానికి ముందునుంచి."

ఎర్రచెప్పు తెగి రెండు నెలలైంది. "మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"నాకు నొప్పంటే వాళ్ళు కుర్చీ ఎక్కరుగా."

పళ్ళక్క పిల్లని దగ్గరికి లాక్కుంది. ఊళ్ళో పిల్లల నోళ్ళన్నీ నీ చేతుల మీదుగా పోతాయి, ఇంట్లో ఉన్న ఒక్క నోరు చూడ్డానికి తీరలేదుటే నీకు అని తనని తానే తిట్టుకుంది. చూడకపోవడం కాదు. రోజూ చూస్తున్నామన్న ధీమా. ప్రతి వారం డాక్టరే అద్దం పెట్టి చూస్తోంది కదా అనుకుంది. డాక్టరమ్మ, తల్లే ఈ పని చేస్తోంది కదా అనుకుని ఉంటుంది.

నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి సంగతి విని, "ఓసి, ఇంతేనా" అంది. "ఊడిపోయే పంటికి ఇంత రాద్ధాంతమేమిటే అమ్మాయ్? మా వాడి పాలపళ్ళన్నీ పుచ్చి నల్లబడ్డవే. ఇప్పుడు ఇనపముక్క ఇచ్చినా నములుతాడు."

"వాటి గురించి మీకు తెలీదు, అత్తయ్యా."

"నాకు తెలీదు సరే, నీకు తెలిసి ఏం చేశావే?"

ముసలావిడ మాట కటువుగా అనాలని అనలేదు. అనేసి, రొట్టెముక్క పాలలో ముంచి మెత్తగా చేసి మనవరాలి నోటికి అందించింది.

పళ్ళక్క డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ శ్రద్ధగానే విన్నది. "అయ్యో. చీము మాత్రలున్నాయి కదా, మొదలుపెట్టు. రేపు తీసుకురా, చేసేద్దాం. మన పిల్లే కదా, కంగారుపడకు" అంది.

*

సోమవారం పొద్దున మొదటి టోకెన్ పిలవకముందే ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగు పెట్టె మీద పెట్టి, పళ్ళక్క భుజం మీద చెయ్యి వేసి చూపించింది. "చూడు, వేర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కింద నీడ కొంచెమే. లోపల శుభ్రం చేసి మందు నింపి పైన స్టీలు క్యాప్ వేస్తే పదేళ్ళు వచ్చేదాకా ఢోకా లేదు. దక్కుతుంది."

దక్కుతుంది అన్న మాట విని పళ్ళక్కకి ఊపిరి వచ్చింది. ఆ పన్ను దక్కాలి. అది చివరి దవడ పన్ను. దాని వెనక ఆరేళ్ళకి రావలసిన పెద్ద పన్ను ఇంకా చిగురు కిందే ఉంది. ముందున్నది నిలబడితేనే వెనకది నిటారుగా వస్తుంది. ఎంతమంది తల్లులకి చెప్పిందో ఈ సంగతి, వేళ్ళు చూపించి, అగ్గిపుల్లలు నిలబెట్టి.

"ఇప్పుడే కూర్చోబెట్టనా మేడమ్?"

"ఇప్పుడా? బయట పద్నాలుగు మంది ఉన్నారే. చివర్లో తీరిగ్గా చేద్దాం. మన పిల్ల ఎక్కడికి పోతుంది?"

పిచిక అప్పట్నుంచీ వరండా బల్ల మీద కూర్చుంది. మధ్యలో ఇద్దరు పిల్లలు గుమ్మం దగ్గర మొరాయిస్తే టోకెన్ల అమ్మాయి పిచికని పంపింది. పిచికే వాళ్ళని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఐదున్నరకి ఆఖరి టోకెన్ వాడు దిగాడు. పళ్ళక్క కుర్చీ తుడిచింది, కొత్త గ్లౌజులు తీసింది, పాలపళ్ళకి వాడే చిన్న మొనల పళ్ళెం సర్దింది. అప్పుడే బయట కారు ఆగింది. నీళ్ళ శాఖ అధికారి భార్య, వాళ్ళ అమ్మాయి. టోకెన్ లేదు. అమ్మాయికి రేపటినుంచి పరీక్షలట. పన్ను నొప్పి కూడా కాదు, ముందు పంటి అంచు కొంచెం విరిగింది, ఫోటోలో బాగుండడం లేదట.

డాక్టరమ్మ పళ్ళక్క వైపు చూసి కళ్ళతోనే బతిమాలింది. "రేపు పొద్దున్నే" అంది. పళ్ళక్క చిన్న మొనల పళ్ళెం తీసేసి పెద్ద పళ్ళెం పెట్టింది.

మంగళవారం పొద్దున్నే కాలేదు. పదకొండింటికి ఒక పెద్ద బడిలో డాక్టరమ్మ ప్రసంగం ఉంది, నెల కిందట ఒప్పుకున్నది. ప్రసంగం పాలపళ్ళ గురించే. బల్ల మీదికి ప్లాస్టరు దవడ, మూరెడు బ్రష్షు, బొమ్మల అట్టలు తెచ్చి సర్దుతుంటే డాక్టరమ్మకి ఒక ఊహ తట్టింది.

"పిచికని కూడా తీసుకెళ్దాం. నాలుగొందల మంది పిల్లలు. ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో భయపడరు."

"దానికి పన్ను..." అంది పళ్ళక్క.

"మాత్ర వేశావుగా? రెండు నిమిషాల పని. కుడి వైపే చూపిస్తాలే. రాగానే మనదే మొదటి పని."

రానివ్వను అనవచ్చు. అనడానికి ఎంతసేపు? కానీ తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో 'ఊఁ' అనడమే పనైన మనిషి. పిల్లలు వద్దంటే ఒప్పించడం తెలుసు గానీ, తను వద్దనడం ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. పిచిక తల దువ్వి పిన్ను పెట్టింది.

బడిలో పిచికని బల్ల ఎక్కించారు. నాలుగొందల మంది చూస్తుండగా గడ్డం పైకెత్తి నోరు తెరిచింది. డాక్టరమ్మ మైకులో ఇరవై దాకా లెక్కపెట్టింది. "ఒక్క పన్నూ మనం పోగొట్టుకోకూడదు. ఎందుకు? పాలపన్నే కదా అనుకునేవాళ్ళు చెయ్యెత్తండి" అంది. ఎవరూ ఎత్తలేదు. నొప్పుందా అని మైకు పిచిక నోటి దగ్గర పెట్టారు. లేదు అన్న మాట ఆ హాలంతా వినబడింది. పళ్ళక్క గోడవార ప్లాస్టరు దవడ పట్టుకుని నిలబడింది. దవడని చంకలో పెట్టుకుని అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది.

తర్వాత హెడ్మాస్టరు ఆపేశాడు, భోజనమన్నాడు, ఉపాధ్యాయుల పిల్లల్ని ఒక్కసారి చూడమన్నాడు. ఆసుపత్రికి వచ్చేసరికి నాలుగు దాటింది. వరండా కిటకిటలాడుతోంది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి. తలుపులు తీయగానే" అంది డాక్టరమ్మ. ఆవిడ కూడా నిజంగానే అలసిపోయింది.

ఆవిడ లోపలికి వెళ్ళాక టోకెన్ల అమ్మాయి పుస్తకం మూస్తూ, "మీరు గట్టిగా అడగరేంటక్కా? నేనైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని" అంది.

"మనవాళ్ళమైపోయాంగా" అంది పళ్ళక్క. "బయటివాళ్ళమైతే టోకెనుండేది."

*

బుధవారం తెల్లారేసరికి పిచిక ఎడమ బుగ్గ ఉబ్బిపోయింది. చర్మం బిగిసి మెరుస్తోంది. ఒళ్ళు కాలుతోంది. నాయనమ్మ తడిగుడ్డ పిండి ఇచ్చింది. తండ్రి సరుకుల బండితో ఊళ్ళు తిరుగుతున్నాడు. ఫోన్లో విని, "నువ్వక్కడే కదా పనిచేసేది" అన్నాడు. పళ్ళక్క ఫోన్ పెట్టేసింది. ఎనిమిదికి పది నిమిషాల ముందే తల్లీకూతుళ్ళు ఆసుపత్రి మెట్ల మీద ఉన్నారు.

డాక్టరమ్మ ఎనిమిదింపావుకి వచ్చింది. పిచికని చూడగానే మొహం మారింది. బుగ్గ నొక్కి చూసింది, పన్ను కదిపి చూసింది.

"తీసేద్దాం" అంది. "చీము దిగిపోతుంది, హాయిగా ఉంటుంది. పాలపన్నే కదా."

గదిలో ఇంకెవరూ లేరు. పనిముట్లు ఉడికించే యంత్రం గుయ్యిమంటోంది. పళ్ళక్క గ్లౌజు సగం తొడిగి ఆగిపోయింది.

"వెనక పన్ను ఇంకా పైకి రాలేదు మేడమ్" అంది. గొంతు పెరగలేదు. రోజూ తల్లులకి చెప్పే గొంతే. "ఇది తీస్తే చోటు నిలబెట్టే తీగ కట్టడానికి కూడా వెనక ఆధారం లేదు. ఆ పెద్దది ముందుకి వాలిపోయి వస్తుంది. కిందనుంచి రావలసినదానికి దారుండదు. ఇది దక్కుతుందని సోమవారం మీరే అన్నారు."

డాక్టరమ్మ నవ్వబోయింది. "నాకే పాఠం చెబుతున్నావా?"

పళ్ళక్క నవ్వలేదు. డాక్టరమ్మ కాసేపు ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూసి, మాస్కు పైకి లాక్కుంది. "సరే. ప్రయత్నిద్దాం. వాపులో మొద్దుమందు సరిగ్గా పట్టదు, తెలుసుగా."

పిచిక తనే కుర్చీ ఎక్కింది. గౌను సర్దుకుంది. నోరు సగమే తెరుచుకుంది, వాపు అడ్డం. సూది దిగినప్పుడు కదల్లేదు. "నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు" అంది డాక్టరమ్మ, అందరికీ చెప్పే మాటే. పళ్ళక్క గొట్టం పట్టుకుని తన చోట నిలబడింది.

మర తిరగడం మొదలైన రెండు నిమిషాలకి గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. ఒక తండ్రి, అతని కాలు కరుచుకుని ఆరేళ్ళ కొడుకు. పొద్దుటి మొదటి టోకెను.

"లోపలికి రండి, పరవాలేదు" అని పిలిచింది డాక్టరమ్మ, తల తిప్పకుండానే. "బాబూ, ఈ అక్కని చూడు. ఎంత బుద్ధిగా చేయించుకుంటోందో. ఏడుస్తోందా? చెయ్యెత్తిందా?"

తండ్రి కొడుకుని ముందుకి తోసి, "చూడరా, నీకంటే చిన్నది. సిగ్గులేదూ నీకు?" అన్నాడు.

పళ్ళక్కకి కూతురి మొహం పక్కనుంచి కనబడుతోంది. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. కణతల మీదుగా నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. చేతులు రెండూ పొట్ట మీద కట్టుకుని ఉన్నాయి, ఒక చెయ్యి ఇంకో చేతిని లేవనివ్వకుండా గట్టిగా పట్టుకుంది. కుర్చీ చివర కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి పాలిపోయాయి.

"ఆపండి మేడమ్."

"అది చెయ్యెత్తలేదుగా."

"ఎత్తదు. ఎత్తకూడదని మనమే నేర్పాం."

మర ఆగింది. డాక్టరమ్మ వంగి, "పిచికా, నొప్పుందా అమ్మా?" అంది.

నోట్లో దూదితో పిచిక, "లే..." అంది.

పళ్ళక్క గొట్టం కొక్కేనికి తగిలించింది. మాస్కు గడ్డం కిందికి లాగేసింది. తొమ్మిదేళ్ళలో కుర్చీ దగ్గర ఆమె మొహం ఏ పిల్లా చూడలేదు. కూతురి చెవి దగ్గరికి వంగి, "నొప్పుంటే అరిచెయ్ తల్లీ. గట్టిగా అరిచెయ్. వాడు ఏడిస్తే ఏడవనీ. వాడు కుర్చీ ఎక్కకపోతే ఎక్కకపోనీ" అంది.

పిచిక మొదట గుమ్మం వైపు చూసింది, ఆ పిల్లాడి వైపు. తర్వాత తల్లిని చూసింది. నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. అప్పుడు అరిచింది. రెండు నెలలుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. బయట వరండాలో మాటలన్నీ ఆగిపోయాయి. ఆరేళ్ళవాడు తండ్రి చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు, తండ్రి వాడి వెంట పరిగెత్తాడు. ఎక్కడో ఇంకో పసివాడు ఎందుకో తెలియకుండానే ఏడుపు అందుకున్నాడు.

"చాలు, చాలు. ఇల్లెగిరిపోతోంది" అంది డాక్టరమ్మ, చిరాకు దాచుకోకుండా. ఇంకో చుక్క మందు దించింది. పట్టడానికి పది నిమిషాలు ఆగారు. పళ్ళక్క కూతురి రెండు చేతులూ విడదీసి ఒకటి తన గుప్పిట్లో పెట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యమధ్య పిచిక చేతిని నొక్కుతోంది, పళ్ళక్క ఆగండి అంటోంది, డాక్టరమ్మ ఆగుతోంది. పన్ను లోపలి మెత్తటిదంతా తవ్వితీసే కొద్దీ గుంట పెద్దదవుతూ పోయింది. చివరికి అడుగు కూడా కూలిపోయి మొన చిగురులోకి దిగింది. రక్తం ఊరింది.

డాక్టరమ్మ మర పక్కన పెట్టింది. "ఇక లాభం లేదు. అడుగే లేదు దీనికి. నిన్న పొద్దున చేసి ఉంటే..." అని, అంతటితో ఆపేసింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న పొద్దున ఆ పిల్ల ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

డాక్టరమ్మ అరచెయ్యి చాపింది. నోటితో అడగలేదు. అలా చెయ్యి చాస్తే ఏం పెట్టాలో పళ్ళక్క చేతికి తెలుసు. ఆమె వద్దనుకునేలోపే, కింది దవడకి వాడే పట్టకారు వెళ్ళి ఆ అరచేతిలో వాలింది. తీయడానికి మూడు నిమిషాలు పట్టలేదు. చీము పోయింది. పన్ను పళ్ళెంలో పడింది, పైన తెల్లటి పెంకు, వేర్లు రెండూ చెక్కుచెదరకుండా.

పిచిక దూది కరుచుకుని కూర్చుంది. వెక్కిళ్ళు తగ్గుతున్నాయి. పళ్ళక్క ఆమె మొహం తడిగుడ్డతో తుడిచింది, చెవుల్లో కారిన నీళ్ళు తుడిచింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ మామూలు మనిషి అయింది.

"జ్వరం సాయంత్రానికి దిగిపోతుంది. ఒకందుకు మంచిదే అయింది" అంది, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ. "శనివారం మానకుండా తీసుకురా. ఆ ఖాళీ బాగా కనిపిస్తుంది. పట్టించుకోకపోతే పన్ను గతి ఏమవుతుందో పిల్లలకి, తల్లులకి కళ్ళారా చూపించొచ్చు. వెయ్యి మాటలు చెప్పినా రానిది దీన్ని చూస్తే వస్తుంది. ఏదీ, ఇప్పుడే ఒక ఫోటో కూడా తీసుకుందాం, తాజాగా ఉండగా."

ఫోన్ తీసి పిచిక ముందు వంగింది. "ఏదమ్మా పిచికా, దూది తీసి ఒక్కసారి నోరు తెరువు."

పిచిక తెరవలేదు.

"ఒక్కసారే. మందు వెయ్యను, ఏమీ చెయ్యను. పిచిక మంచి పిల్ల కదూ?"

పెదాలు గట్టిగా మూసుకున్నాయి. దవడలు బిగుసుకున్నాయి. పిచిక డాక్టరమ్మ కళ్ళలోకే చూస్తోంది. ఏడవడం లేదు. భయపడుతున్నట్టూ లేదు. అంత చిన్న మొహం మీద అంత పెద్దరికం పళ్ళక్క ఎప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ నడుము నిటారుగా చేసి పళ్ళక్క వైపు తిరిగింది. "ఇదేంటి కొత్తగా? నువ్వు చెప్పు దానికి. నువ్వు చెబితే రాయి కూడా నోరు తెరుస్తుంది."

బయట టోకెన్ల అమ్మాయి రెండో నంబరు పిలుస్తోంది. పళ్ళక్క కూతురిని కుర్చీ మీంచి ఎత్తుకుంది, చాలా రోజుల తర్వాత. వేడిగా ఉన్న తల ఆమె భుజం మీద వాలింది.

"దాని నోరు, దాని ఇష్టం మేడమ్" అంది.

మెల్లిగానే అంది. ఆ ఒక్క మాట అనడానికి ఒక పన్ను ఖర్చయిందని, అదీ తన పన్ను కాదని తెలిసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పిల్లని ఎత్తుకుని వరండాలోకి నడిచింది. టోకెన్లు పట్టుకుని కూర్చున్న తల్లులంతా కాళ్ళు వెనక్కి లాక్కుని దారిచ్చారు.